ఆరు వీల గేమ్ గురించి ఈరోజు అనుకున్నవి

"చిన్నది, కష్టం, బాగుంది." ఒక గేమ్ గురించి ఎవరిని అడిగినా ఈ మూడు మాటలే చెప్తే నాకు తృప్తిగా ఉండదు. ఎందుకు చిన్నది, ఎక్కడ కష్టం, ఏం బాగుంది అని వెంటపడి అడగాలనిపిస్తుంది. ఈరోజు సెలవు కావడంతో పొద్దున్నే వీవీవీవీవీవీ (VVVVVV) అనే గేమ్ పెట్టుకుని కూర్చున్నాను. ఇదివరకు పూర్తి చేసిందే, అయినా మొదటి నుంచి మళ్లీ. ఆడుతున్నంతసేపూ దీని గురించి ఆడినవాళ్లు చెప్పే మాటలే బుర్రలో తిరిగాయి, కొన్నింటితో ఒప్పుకుంటాను, కొన్నింటితో అస్సలు ఒప్పుకోను. మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఐర్లాండ్‌కు చెందిన టెర్రీ కావనా 2010 జనవరిలో విడుదల చేసిన గేమ్ ఇది. పేరులో ఆరు వీలు, ఓడలో సిబ్బంది కూడా ఆరుగురు, కెప్టెన్ విరిడియన్‌తో సహా అందరి పేర్లూ అదే అక్షరంతో మొదలవుతాయి. ఓడ ప్రమాదంలో పడుతుంది, మిగతా ఐదుగురు తలో దిక్కున చిక్కుకుపోతారు, కెప్టెన్ ఒక్కొక్కళ్లనీ వెతికి తీసుకురావాలి. కథ ఇంతే. ఇక ఆట సంగతికొస్తే, ఇందులో జంప్ లేదు. పలకల మీదుగా సాగే ప్లాట్‌ఫార్మర్ గేమ్ అంటేనే జంప్ అనుకునేవాళ్లకి ఇది మొదట మింగుడుపడదు. బటన్ నొక్కితే గురుత్వాకర్షణ తిరగబడుతుంది, నేల మీద నిలబడ్డవాడు పైకప్పు మీదకి పడతాడు, మళ్లీ నొక్కితే కిందికి. గాల్లో ఉండగా మాత్రం నొక్కినా పనిచేయదు, ముందు కాళ్లు ఎక్కడో ఒకచోట ఆనాలి. ఈ ఒక్క నియమం మీదే మొత్తం గేమ్ నడుస్తుంది. కొత్త శక్తులు రావు, ఆయుధాలు రావు, కెప్టెన్ మొదటి గదిలో ఏం చేయగలడో చివరి గదిలోనూ అంతే చేయగలడు.

నిడివి మీదే ఎక్కువ ఫిర్యాదులు. రెండు మూడు గంటల్లో అయిపోతుందని. విడుదలైనప్పుడు ధర 15 డాలర్లు, అంత పెట్టి కొంటే ఇంతేనా అన్నవాళ్లు ఉన్నారు, తర్వాత ధర తగ్గించారు కూడా. ఎవరి డబ్బు వాళ్లిష్టం, అందులో నేను వాదించను. కానీ చిన్నగా ఉండటమే లోపం అంటే మాత్రం ఊరుకోలేను. ఒక ప్రాంతంలో తాకగానే మనల్ని తిప్పేసే గీతలుంటాయి, ఇంకో ప్రాంతంలో స్క్రీన్‌కి ఒక అంచు నుంచి బయటికెళ్తే అవతలి అంచులోంచి లోపలికొస్తాం, టవర్ అనే ప్రాంతంలో స్క్రీన్ తనంతట తానే కదిలిపోతూ ఉంటుంది, దాంతో పాటు పరిగెత్తాలి. ప్రతి ఆలోచననీ కావనా తీసుకుని కొన్ని గదుల్లో దాన్ని నలుగురూ ఊహించని రకాలుగా వాడి, మనకి విసుగు రాకముందే వదిలేసి తర్వాతిదానికి వెళ్లిపోతాడు. దీన్నే పది గంటలు సాగదీయాలంటే అవే గదులు ఇంకొన్ని ముళ్లు తగిలించి మళ్లీ పెట్టాలి. అలా సాగదీసిన గేమ్‌లు నేను చాలా చూశాను, సగంలో వదిలేశాను కూడా. ఇది ఎన్నిసార్లు మొదలుపెట్టినా చివరిదాకా లాక్కెళ్లింది.

ఇదే గేమ్‌ని ఒకరు "మరీ చిన్నది" అంటే ఇంకొకరు "మరీ కష్టం, మధ్యలో ఆపేశా" అంటారు. ఈ రెండు మాటలూ వేరువేరు కాదని నాకు ఈరోజు టవర్ ఎక్కుతున్నప్పుడు గట్టిగా అనిపించింది. గది చిన్నది కాబట్టే అంత కష్టంగా పెట్టగలిగాడు. చచ్చిపోతే కెప్టెన్ ఎర్రగా మారి, మొహం వేలాడేసి, సుమారు ఒక సెకనులో వెనకటి చెక్‌పాయింట్ దగ్గర, అంటే చచ్చాక తిరిగి మొదలయ్యే చోట, మళ్లీ లేచి నిలబడతాడు. ప్రాణాల లెక్క లేదు, గేమ్ ఓవర్ లేదు, లోడింగ్ లేదు. చెక్‌పాయింట్లు కూడా దాదాపు గదికొకటి ఉంటాయి. అంటే పొరపాటు పడితే పోయేది కొన్ని సెకన్లు. గేమ్ ఎంత కష్టమో చెప్పేటప్పుడు అందరూ ఎన్నిసార్లు చచ్చామో చెప్తారు, నాకైతే అది సరైన కొలత అనిపించదు. చచ్చిన ప్రతిసారీ గేమ్ మన దగ్గర్నుంచి ఎంత వెనక్కి లాక్కుంటోంది అన్నది చూడాలి. అదే ఏడాది వచ్చిన సూపర్ మీట్ బాయ్‌లోనూ ఇంతే, చచ్చిన మరుక్షణం మళ్లీ మొదలు, పైగా లెవెల్ దాటాక మన ప్రయత్నాలన్నీ ఒకేసారి తెర మీద పరిగెత్తించి చూపిస్తుంది. నాకు ఆ రీప్లే అంటే చాలా ఇష్టం. అంతమంది మీట్ బాయ్‌లు రంపాలకి తగిలి రాలిపోతుంటే ఒక్కడు గట్టెక్కుతాడు, ఆ ఒక్కడి కోసం మిగతావాళ్లందరూ పనికొచ్చారని కళ్లారా కనిపిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి 2017లో వచ్చిన గెటింగ్ ఓవర్ ఇట్. అందులో చెక్‌పాయింటే లేదు, ఒక్కసారి జారితే కొండ మీద నుంచి మొదటికి కూడా రావచ్చు. ఆ గేమ్ చేసిన బెనెట్ ఫాడీయే ఈ ఆరు వీల గేమ్‌లో గదులకి పేర్లు పెట్టాడు. చాలా గదులకి కింద ఒక పేరు ఉంటుంది, కొన్ని చిలిపిగా, కొన్ని ఏడిపించేలా. ఈ సంగతి తెలిశాక ఆ పేర్లు చదువుతుంటే ఇంకా సరదాగా ఉంది. రెండు గేమ్‌లనీ "కష్టం" అనే ఒకే మాటతో సరిపెట్టేవాళ్లని చూస్తే మాత్రం బాధేస్తుంది. ఒకటి సెకన్లు తీసుకుంటుంది, ఇంకొకటి గంటలు తీసుకుంటుంది. రెండింటినీ ఇష్టపడే హక్కు ఎవరికైనా ఉంది, కానీ రెండూ ఒక్కటి కాదు.

కెప్టెన్ జారుతాడు అన్నది ఇంకో మాట. ఇది నిజమే. బటన్ వదిలాక కూడా కొంచెం ముందుకి వెళ్తాడు, సన్నటి పలక మీద ఆగాలంటే ఆ జారుడు లెక్కలో పెట్టుకోవాలి. అలవాటైపోతుందని అభిమానులు అంటారు, అవుతుంది కూడా, అయినా దీన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. మొదటి గంటలో జరిగే చావుల్లో చాలా వాటికి ఈ జారుడే కారణం, అది ఆలోచించాల్సిన కష్టం కాదు, వేళ్లు నేర్చుకోవాల్సిన కష్టం. ఈ విషయంలో 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా నయం. అందులో అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లిపోయాక కూడా సెకనులో పదో వంతు వరకు జంప్ పనిచేస్తుంది, దాన్ని కొయోటీ టైమ్ అంటారు. ముళ్ల నుంచి దూరంగా కదులుతుంటే వాటిని తాకినా చంపవు. ఆడేవాళ్లకి ఇవేవీ తెలియవు, "కంట్రోల్స్ భలే ఉన్నాయి" అంటారంతే. కష్టమైన గేమ్‌లో మన తప్పు మనదే అనిపించాలంటే తెర వెనక ఇలాంటి దయ చాలా కావాలి.

ఇక అందరూ మాట్లాడేది ఆ ట్రింకెట్ గురించి. ట్రింకెట్లంటే ఏరుకునే చిన్న వస్తువులు, గేమ్‌లో మొత్తం 20 దాచారు, వాటిలో ఒకటి కళ్లెదురుగానే ఉంటుంది, మధ్యలో చిన్న దిమ్మ అడ్డం. వేరే ఏ గేమ్‌లో అయినా ఒక్క గెంతు. ఇక్కడ గెంతు లేదు కదా. పైకి తిప్పుకుని, ముళ్ల సందుల్లోంచి గది తర్వాత గది పైకి పడుతూ పోయి, అక్కడ తిరగబడి మళ్లీ అంతే దూరం కిందికి పడుతూ వచ్చి దిమ్మకి అవతల దిగాలి. మధ్యలో చెక్‌పాయింట్ ఉండదు. ఆ గదుల్లో మూడింటికి వెని, విడి, విచి (లాటిన్‌లో వచ్చాను, చూశాను, గెలిచాను) అని పేర్లు, అందుకే జనం ఆ మొత్తం దారినే అలా పిలుస్తారు. దీన్ని తిట్టేవాళ్లు ఎంతమందో మెచ్చేవాళ్లు అంతమంది. నాకు మాత్రం గేమ్ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. జంప్ లేకపోవడం అంటే ఏంటో మాటల్లో ఒక్క ముక్క చెప్పకుండా మోకాలెత్తు దిమ్మతో చెప్పేశాడు. పైగా ఇది తప్పనిసరి కాదు, వదిలేసి పోయినా కథ ఆగదు, కావాలనుకున్నవాళ్లే వెళ్తారు. ఈరోజు మధ్యాహ్నమంతా దీనికే పోయింది. పైదాకా వెళ్లి తిరుగు ప్రయాణంలో సగం వరకు వస్తున్నాను, అక్కడ ఎడమకి జరగాలా కుడికి జరగాలా అని మెదడు ఆలోచించే లోపే ముళ్లు తగులుతున్నాయి. చివరికి ఆలోచించడం ఆపి వేళ్లకే వదిలేస్తే వచ్చేసింది. దిమ్మకి అవతల దిగి ట్రింకెట్ తీసుకున్నప్పుడు గట్టిగా అరిచాను, పక్క గదిలోవాళ్లు ఏమైందని వచ్చారు.

సిబ్బందిలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లే గదులు ఉన్నాయి. మనం నేల మీదుంటే వాళ్లు మన వైపు నడుస్తారు, పైకప్పు మీదుంటే ఆగిపోతారు. వాళ్లు చచ్చినా మనం మళ్లీ మొదలుపెట్టాలి. ఇవి అనవసరం అని చాలామంది అన్నారు. ఆలోచన మంచిదే కానీ ఇక్కడ మాత్రం నేనూ వాళ్ల వైపే, ఎదురుచూడటం ఎక్కువ, ఆడటం తక్కువ.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు కూడా ఈ మధ్యే పూర్తి చేశాడు, వేగం తగ్గించుకుని. ఈ గేమ్‌లో ఆ సౌకర్యం ఉంది, వేగం తగ్గించుకోవచ్చు, చావే లేకుండా కూడా పెట్టుకోవచ్చు. వాడి మణికట్టు పాత దెబ్బ వల్ల త్వరగా తిరగదు, టక్కున నొక్కాలంటే నొప్పి.

"అక్కా, అలా ఆడితే ఆడినట్టు కాదంటున్నారు. నిజమేనా?" అన్నాడు.

"టవర్ ఎక్కావా?"

"ఎక్కాను. చాలాసేపు పట్టింది."

"టెన్షన్ వచ్చిందా?"

"చచ్చేంత టెన్షన్ వచ్చింది."

"మరింకేంట్రా, ఆడినట్టే."

ఫోన్ పెట్టేశాక కూడా కోపం తగ్గలేదు నాకు. ఆ మాట అన్నవాళ్లు చేసినవాడి కన్నా తామే గేమ్‌కి సొంతదారులం అనుకుంటున్నారు. సెలెస్ట్‌లోనూ అసిస్ట్ మోడ్ ఉంది, గేమ్ వేగం సగం వరకు తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా పెట్టుకోవచ్చు, చావు లేకుండా పెట్టుకోవచ్చు. దానివల్ల మామూలుగా ఆడినవాళ్ల ఆనందం ఒక్క చుక్క కూడా తగ్గలేదు కదా! నాకు ఒక గది ఎంత గట్టిగా తగిలిందో తమ్ముడికీ అంతే గట్టిగా తగలాలంటే వాడికి ఆ గది నెమ్మదిగా నడవాలి. ఒకే కష్టం అందరికీ చేరాలంటే అంకెలు మారక తప్పదు. కష్టమైన గేమ్‌లంటే నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు ఇంకో మనిషి అక్కడిదాకా వచ్చాడని సంతోషించాలి, తలుపు దగ్గర నిలబడి టికెట్లు చూడకూడదు.

ఇంకో చివర నో డెత్ మోడ్ ఆడేవాళ్లు ఉన్నారు, ఒక్కసారి కూడా చావకుండా మొత్తం గేమ్. నాకు అది చేతనయ్యే పని కాదు, కానీ చేసినవాళ్లు ఆడుతుంటే కళ్లప్పగించి చూస్తాను. నేను కొట్టుకుని కొట్టుకుని దాటిన గదుల్లోంచి నడిచి వెళ్లినట్టు వెళ్లిపోతారు. వాళ్లలో చాలామంది కొత్తవాళ్లకి ఓపిగ్గా సలహాలు చెప్తారు, ఇది కూడా చెప్పాలి.

బొమ్మలు మరీ పాతకాలంలా ఉన్నాయనే మాటకి పెద్దగా చెప్పేదేం లేదు. 1980ల కంప్యూటర్ గేమ్‌ల పద్ధతిలో కావాలనే అలా చేశారు. ముల్లు ఎక్కడుందో, నేల ఎక్కడుందో రెప్పపాటులో తెలియాల్సిన గేమ్‌కి అంత శుభ్రమైన తెర ఉండటమే మంచిది. మాగ్నస్ పోల్సన్ సంగీతం గురించి మాత్రం ఎవరూ చెడ్డగా అనగా వినలేదు. చచ్చినప్పుడు పాట ఆగదు, మొదటికి రాదు, మనం ఎన్నిసార్లు పడ్డా అది అలా హుషారుగా ముందుకి వెళ్తూనే ఉంటుంది, అందుకే ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం అనిపిస్తుంది. పాట కూడా ప్రతిసారీ మొదటికి వచ్చి ఉంటే నేను టవర్ దగ్గరే వదిలేసేదాన్నేమో.

పదేళ్లు నిండిన సందర్భంగా 2020 జనవరిలో కావనా ఈ గేమ్ సోర్స్ కోడ్, అంటే గేమ్ రాసిన ప్రోగ్రామ్, అందరికీ చూపించాడు. 2011 నుంచి సొంతంగా లెవెల్స్ చేసుకునే లెవెల్ ఎడిటర్ కూడా ఉంది, ఆడినవాళ్లు చేసిన లెవెల్స్ ఇప్పటికీ వస్తున్నాయి. రెండు గంటల్లో అయిపోయిందన్నవాళ్లు వాటిలో కొన్ని ఆడి చూస్తే బాగుంటుంది, కొన్నింటి ముందు ఆ ట్రింకెట్ దారి కూడా తేలికే.

రాత్రి తమ్ముడు మళ్లీ మెసేజ్ పెట్టాడు, ఆ ట్రింకెట్ కోసం ఈ వారం కూర్చుంటాడట, వేగం తగ్గించే. కూర్చోమన్నాను. అయ్యాక "కష్టంగా ఉంది, బాగుంది" అంటే ఒప్పుకోనని ముందే చెప్పాను. ఏ గదిలో, ఏ ముల్లు దగ్గర, పైకి వెళ్లేటప్పుడా కిందికి వచ్చేటప్పుడా, అన్నీ చెప్పాల్సిందే.