శనిగ్రహం మీద వసంతం అనుకున్నది తుఫాను

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది ప్రాజెక్టుకి శనిగ్రహాన్ని తీసుకున్నాను. అక్కడ ఋతువు మారితే పైగాలి ఎంత వేడెక్కుతుందో సొంతంగా లెక్కగట్టి చూడాలని నా ఆశ.

శని ఇరుసు దాదాపు 27 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే మనలాగే దానికీ ఋతువులున్నాయి. కానీ సూర్యుణ్ణి చుట్టి రావడానికి 29 ఏళ్లకు పైగా పడుతుంది కాబట్టి ఒక్కో ఋతువు ఏడేళ్లు దాటుతుంది. 2004లో నాసా పంపిన కసీని అంతరిక్ష నౌక చేరేసరికి ఉత్తరార్ధంలో చలికాలం, పైగా వలయాల నీడ. 2009 ఆగస్టులో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు వచ్చింది. 2017లో నౌక పని ముగిసేనాటికి ఉత్తరాన నడివేసవి. ఆ డేటా అంతా నాసా ఉచితంగా ఇస్తోంది.

అక్కడ థర్మామీటర్ పెట్టలేం కదా. పై వాతావరణ పొర అయిన స్ట్రాటోస్ఫియర్‌లోని మీథేన్ 7.7 మైక్రాన్ల దగ్గర పరారుణ కాంతిని వెదజల్లుతుంది. ఆ కాంతి ఎంత ఎక్కువగా ఉంటే గాలి అంత వెచ్చగా ఉన్నట్టు.

మొదట అక్షాంశాల వారీగా స్పెక్ట్రాలన్నీ (తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన కాంతి కొలతలు) కలిపి సగటు తీశాను. గ్రాఫు రంపపు పళ్లలా వచ్చింది. నౌక ఒక్కోసారి తిన్నగా, ఒక్కోసారి ఏటవాలుగా చూసింది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైనున్న వెచ్చని పొరల కాంతి ఎక్కువగా చేరుతుంది. కోణాలు దగ్గరగా ఉన్నవాటినే ఏరి మళ్లీ మొదలుపెట్టాను. మూడు వారాలు పోయాయి.

తర్వాత 2011లో, 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర వేడి ఒక్కసారిగా ఎగిసింది. వసంతం దొరికిందని పరిగెత్తుకెళ్లి చూపించాను. ప్రాజెక్టు గైడ్ మేడమ్ ఒకే ప్రశ్న అడిగారు: "అన్ని రేఖాంశాల్లోనూ ఉందా అమ్మా?"

ఋతువు వేడైతే ఆ అక్షాంశం చుట్టూ ఉండాలి. లేదు. ఒక్క మచ్చలోనే ఉంది. 2010 డిసెంబరులో లేచిన మహా తుఫాను పైన స్ట్రాటోస్ఫియర్‌లో రెండు వేడి మచ్చలు పుట్టి, 2011లో ఒకటయ్యాయి. మే నెలకి అది చుట్టుపక్కల కంటే దాదాపు 80 డిగ్రీలు వేడిగా ఉంది. సూర్యుడు ఏళ్ల తరబడి తెచ్చే మార్పు దాని ముందు చాలా చిన్నది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు, నా గీతలో ఏది ఋతువో ఏది తుఫానో తెలియక.

అసలు కష్టం ఇక్కడే. ఏడాది దాటినా ఆ వేడి ఆనవాళ్లు పోలేదు. ఒక్కో స్పెక్ట్రమ్ రేఖాంశం చూసి విడదీయడానికి రెండు నెలలు పట్టింది.

చివరికి ఉత్తరపు గీత నెమ్మదిగా పైకి, దక్షిణపు గీత కిందికి సాగాయి. తుఫాను చుక్కల్ని మాత్రం తీసేయలేదు. ఎర్రరంగులో ఆ గీత పైనే ఉంచాను.