బీడీ ముట్టని అవ్వకు ఈ దమ్ము ఎక్కడిది?

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగం పక్కనున్న చిన్న గదిలో నా పని. స్పైరోమెట్రీ, అంటే ఊదే పరీక్ష చేస్తాను. చలికాలం మొదలైతే వరండా నిండిపోతుంది. బీడీ, చుట్ట తాగే మగవాళ్లు సీఓపీడీతో, అంటే ఏళ్ల తరబడి పొగ పీల్చి గాలి గొట్టాలు సన్నబడి దమ్ము (ఆయాసం) వచ్చే జబ్బుతో వస్తారని అందరికీ తెలుసు. జన్మలో బీడీ ముట్టని ఆడవాళ్లు కూడా అదే జబ్బుతో వస్తారని చాలామందికి తెలియదు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొన్న మహబూబాబాద్ వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. నాలుగు మెట్లెక్కితే దమ్ము. వయసు మీద పడిందని కొన్నాళ్లు, గ్యాస్ మాత్రలతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. గుండె డాక్టరు ఈసీజీ, ఎకో చూసి గుండె బాగానే ఉందని ఇటు పంపారు. తెమడ పరీక్షలో టీబీ లేదు. ఎక్స్‌రేలోనూ పెద్దగా ఏం కనిపించలేదు. సీఓపీడీ మొదట్లో ఎక్స్‌రేకు దొరక్కపోవచ్చు. గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో కొలిస్తేనే తెలుస్తుంది.

ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోటికిచ్చి, "నిండా పీల్చు అవ్వా... ఊదు!" అన్నాను. మెల్లగా, పొడుగ్గా ఊదింది. ఊదుగొట్టంతో పొయ్యి రాజేసిన అలవాటు అది. "పొయ్యి ఊదినట్టు కాదవ్వా, ఒక్కసారే గట్టిగా వదలాలి, ఆపకుండా ఆరు సెకన్లు ఊదుతూనే ఉండాలి" అని నేనే చేసి చూపించాను. కాసేపు కూర్చోబెట్టి, ఆయాసం తగ్గనిచ్చి, మళ్లీ ఊదించాను. మూడుసార్లు సరిగ్గా వచ్చేదాకా వదలకూడదు. ఇక్కడ తొందరపడితే తప్పు రిపోర్టు మీద ఏళ్ల తరబడి మందులు నడుస్తాయి.

ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చింది 48 శాతమే. గాలి గొట్టాలను తెరిచే సాల్బుటమాల్ మందు నాలుగు పఫ్‌లు స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బాతో ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదించాను. ఉబ్బసమైతే చాలామందికి ఇక్కడ బాగా తేడా కనిపిస్తుంది. అవ్వది 50 దగ్గరే ఆగింది. మందిచ్చాక కూడా 70 దాటకపోతే డాక్టర్లు సీఓపీడీ అనుకుంటారు.

"ఎన్నడూ బీడీ ముట్టలే బిడ్డా" అంది అవ్వ. "ఇంట్లో గ్యాస్ ఉంది మేడమ్" అన్నాడు కొడుకు. ఈ జవాబు దగ్గరే మనం ఆగిపోతున్నాం. స్నానానికి నీళ్లు దేని మీద కాగుతాయని అడిగాను. పెరట్లో పొయ్యి మీద, పత్తికట్టెతో. పొద్దున్నే ఆ పొయ్యి ముందు కూర్చునేది అవ్వే.

ఇన్‌హేలర్ రాయగానే కొడుకు ముఖం మారింది. "పంపు అలవాటైతే ఇక మానలేం కదా?" రోజూ వినే ప్రశ్నే. ఒక పఫ్‌లో సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రగా వేసుకుంటే 40 రెట్లు. మాత్ర ఒళ్లంతా తిరిగి గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. పఫ్ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్పేసర్‌తో పీల్చి పది సెకన్లు ఊపిరి బిగపట్టడం అవ్వ చేత చేయించాకే పంపాను. స్టెరాయిడ్ ఉన్న పఫ్ తర్వాత నోరు పుక్కిలించాలని ఇద్దరికీ చెప్పాను.

పాడైన ఊపిరితిత్తులు మళ్లీ మునుపటిలా కావు. అది దాచకుండానే చెప్తాం. మందు సరిగ్గా అందుతూ పొగ ఆగితే మాత్రం దమ్ము తగ్గుతుంది. నీళ్లు కూడా గ్యాస్ మీదే కాచమంటే, "సిలిండర్ తొందరగా అయిపోతుంది మేడమ్" అన్నాడు. నిజమే, ఆ ఖర్చు చిన్నది కాదు. అయినా మందుల చీటీలో పఫ్ పేరు కింద "కట్టెల పొయ్యి వద్దు" అని డాక్టరు గారి చేత రాయించి పంపాను.