ఎంసెట్ మ్యాథ్స్: ఎనభై బిట్లు, వంద నిమిషాలు

కావలిలో ఇంటర్ పిల్లలకు ఎంసెట్ మ్యాథ్స్ చెబుతుంటాను. 2021లో ఈఏపీసెట్ అని పేరు మారినా ఇక్కడ ఇంకా అందరి నోటా ఎంసెట్టే. మార్చిలో పబ్లిక్ పరీక్షలు అయిపోయాక మేలో పరీక్ష వచ్చేలోగా చేతిలో ఉండేది కొద్ది వారాలు. అప్పుడు మళ్లీ మొదటి చాప్టర్ నుంచి పాఠం మొదలుపెడితే ఒక్కటీ పూర్తికాదు. పబ్లిక్ కోసం పిల్లలు మ్యాథ్స్ పుస్తకాలన్నీ తిరగేసే ఉంటారు. వాళ్లకు అలవాటు లేనిదల్లా ఒక బిట్టును వదిలేసి ముందుకు పోవడం. నా క్లాసులో ఎక్కువ టైము దానికే పోతుంది.

మొత్తం 180 నిమిషాలు, 160 బిట్లు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కోదానికి ఒక్కో మార్కు, నెగెటివ్ మార్కుల్లేవు. కెమిస్ట్రీ పాతిక నిమిషాల్లో, ఫిజిక్స్ నలభై ఐదులో ముగించగలిగితే మ్యాథ్స్‌కి వంద నిమిషాలు పెట్టొచ్చు, చివర్లో ఇంకో పది మిగులుతాయి. అంటే బిట్టుకు సగటున 75 సెకన్లు. అయితే బిట్లన్నీ ఒకలాంటివి కావు. రెండు సరళరేఖల ఉమ్మడి సమీకరణం ఇచ్చి వాలుల మొత్తం అడిగితే పది సెకన్ల పని. డెఫినిట్ ఇంటెగ్రల్ ఒకటి మొండికేస్తే నాలుగు నిమిషాలు మింగేస్తుంది. మార్కు మాత్రం రెండింటికీ ఒకటే.

పబ్లిక్‌లో బాగా రాసే పిల్లలే ఇలాంటి చోట ఎక్కువ ఇరుక్కుంటారు. అక్కడ స్టెప్పుకు కూడా మార్కు పడుతుంది కాబట్టి మొదలుపెట్టిన లెక్క వదలబుద్ధి కాదు. అందుకే ఎనభై బిట్లనూ రౌండ్లుగా చేయిస్తాను. మొదటి రౌండు యాభై ఐదు నిమిషాలు. బిట్టు చదివాక పదిహేను సెకన్లలో దారి కనిపించిందా, చేసెయ్యాలి. కనిపించలేదా, నంబరు రఫ్‌లో రాసుకుని తర్వాతి దానికి వెళ్లాలి. మధ్యస్థంగా చదివేవాళ్లకు కూడా ఈ రౌండులో నలభై దాకా తెగుతాయి. రెండో రౌండులో వదిలేసినవాటిలో దారి తెలిసి పొడుగ్గా ఉన్నవే పట్టుకోవాలి. మిగిలినవాటికి ఆప్షన్లలో కుదరనివి కొట్టేసి ఏదో ఒకటి పెట్టాలి. నాలుగింట్లో రెండు కొట్టేయగలిగితే సగానికి సగం అవకాశం. ఖాళీగా వదిలితే సున్నా ఖాయం.

ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం, విలువలు పెట్టి చూడడం తప్పకుండా నేర్పాలి. కానీ ఏ విలువ పెట్టాలో చెప్పకుండా ట్రిక్ ఒక్కటే చెబితే పిల్లల్ని ముంచినట్టే. ఒక డిటర్మినెంట్ చూడండి. మొదటి వరుస 1, ఎ, ఎ క్యూబ్. రెండోది 1, బి, బి క్యూబ్. మూడోది 1, సి, సి క్యూబ్. పిల్లలు వెంటనే 1, 2, 3 పెడతారు. విలువ 12 వస్తుంది. ఆప్షన్లన్నింటిలోనూ ఉండే (ఎ-బి)(బి-సి)(సి-ఎ) విలువ 2 కాబట్టి పక్కన 6 ఉండాలి. ఆప్షన్లలో ఒకచోట (ఎ+బి+సి), ఇంకోచోట ఎబిసి ఉంటే రెండూ 6 అవుతాయి. ఒకటీ రెండూ మూడూ కూడినా ఆరే, గుణించినా ఆరే. అక్కడ పిల్లాడు ఊహించి ఒకటి పెట్టేస్తాడు. అదే 0, 1, 2 పెడితే డిటర్మినెంట్ 6 వస్తుంది. (ఎ+బి+సి) ఉన్నది 6 ఇస్తుంది, ఎబిసి ఉన్నది సున్నా అవుతుంది. అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది. రెండు ఆప్షన్లు ఒకే విలువ ఇస్తే మరో విలువ పెట్టి చూడాలని మొదటి రోజే చెప్పాలి. త్రికోణమితిలో 45 డిగ్రీలతో కూడా ఇదే ఇబ్బంది. అక్కడ సైనూ కాసూ సమానం కాబట్టి తారుమారైన ఆప్షన్లు విడిపోవు. 30 డిగ్రీలు పెడితే చాలావరకు విడిపోతాయి.

పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి గ్రాండ్ టెస్టులు, అంటే పూర్తి నమూనా పరీక్షలు, కాగితం మీద పెడితే సగం లాభమే. ప్రశ్న స్క్రీన్ మీద, లెక్క రఫ్ మీద. ఈ రెంటి మధ్య చూపు తిప్పేటప్పుడే మైనస్ గుర్తు జారిపోతుంది. ప్రశ్న మొత్తం దించుకోకుండా అంకెలూ గుర్తులూ మాత్రం రాసుకుని, ఒక్కసారి స్క్రీన్‌తో పోల్చుకుని మొదలుపెట్టమంటాను. రఫ్ షీటును నిలువుగా మడిచి, ప్రతి లెక్క పక్కన బిట్టు నంబరు వేయిస్తాను. లేకపోతే రెండో రౌండులో ఎక్కడ ఆపారో దొరకదు. ఇంకో ప్రమాదం ఉంది. ఆప్షన్ నొక్కి, సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కకుండా పక్కనున్న నంబర్ల పెట్టెలోంచి వేరే బిట్టుకు దూకితే ఆ జవాబు సేవ్ కాదు. ఇది తెలిసినవాళ్లు కూడా కంగారులో మర్చిపోతారు, కాబట్టి వేలికి అలవాటయ్యేదాకా చేయించాలి.

గ్రాండ్ టెస్టు రాసిన మర్నాడు ఎన్ని మార్కులొచ్చాయని నేను ముందు అడగను. మూడు నిమిషాలు దాటిన బిట్లేవో చూపించమంటాను. ఎక్కువగా అవి రెండు మూడు చాప్టర్లలోనే ఉంటాయి. ఆ వారం వాటికే కేటాయిస్తాం. హైపర్బోలిక్ ఫంక్షన్లు, అక్షాల మార్పిడి లాంటి చిన్న చాప్టర్లను పబ్లిక్ కోసం పెద్దగా పట్టించుకోని పిల్లలుంటారు. నాలుగైదు సూత్రాలు వస్తే అక్కడి బిట్లు తొందరగా అయిపోతాయి. వాటిని వదులుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

హాల్ టికెట్ వచ్చాక సెషన్ చూసుకోవాలి. మధ్యాహ్నం పడితే ఆ గంటల్లోనే, భోజనం చేశాక టెస్టు రాయించాలి. ఒంటిగంటకు నిద్రకు అలవాటుపడ్డ కళ్లు రెండు రోజుల్లో మారవు. సెంటర్ నెల్లూరులో పడినా ఒంగోలులో పడినా నిమిషం ఆలస్యమైతే గేటు తీయరు. మే ఎండలో రైలు దిగి పరుగెత్తకుండా గంటన్నర ముందే అక్కడ ఉండేలా బయల్దేరమని తల్లిదండ్రులకు కూడా చెబుతాను.