తొమ్మిదో రౌండ్

రాత్రి మళ్లీ బాక్సర్లు ఆర్టురో గట్టి, మికీ వార్డ్‌ల మొదటి ఫైట్ పెట్టుకుని కూర్చున్నాను. 2002 మే 18, అమెరికాలోని కనెక్టికట్. తొమ్మిదో రౌండ్ మొదట్లోనే వార్డ్ ఎడమ చేత్తో డొక్కలో గుద్దిన గుద్దుకి గట్టి కూలబడ్డాడు. మొహమంతా నొప్పితో ముడుచుకుపోయింది. ఇక లేవడనుకున్నా. లేచాడు! లేచి అదే రౌండ్‌లో ఎదురు తిరిగి కొట్టాడు. మన భాషలో ఆ పేరుకున్న అర్థం అతనికి సరిగ్గా సరిపోయింది. ఎన్నిసార్లు చూసినా నా గుప్పిళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి.

ఆ రోజు వార్డ్ గెలిచాడు. తర్వాతి రెండూ గట్టి గెలిచాడు, మూడోదాంట్లో కుడి చెయ్యి విరిగినా ఆగలేదు. 2007లో గట్టి ఆఖరి ఫైట్‌కి ట్రైనర్‌గా అతని కార్నర్‌లో నిలబడింది ఎవరో తెలుసా? మికీ వార్డే.