సగానికి ముందంజ, చివరికి ఓటమి

2025 ఫిబ్రవరి 11, ఛాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, రియల్ మాడ్రిడ్ మ్యాచ్, 86వ నిమిషం. సొంత మైదానం ఎతిహాద్‌లో సిటీ 2-1 ఆధిక్యం. సిటీ గోల్‌కీపర్ ఎడెర్సన్ క్లియరెన్స్ సరిగ్గా పడలేదు. రియల్ ఆటగాడు వినిసియస్ కొట్టాడు, ఎడెర్సన్ ఆపాడు కానీ బంతి చేతిలో నిలవలేదు. ఒకప్పటి సిటీ కుర్రాడు, ఇప్పుడు రియల్‌కి ఆడిన బ్రాహిమ్ డియాజ్ గోల్‌లోకి తోసేశాడు. ఇంజ్యురీ టైమ్‌లో బెల్లింగ్‌హామ్ ఇంకో గోల్. రియల్ 3-2.

హాఫ్‌టైమ్‌కి 1-0తో ఉన్న మ్యాచ్ ఇది. 2024 నవంబర్ 9న బ్రైటన్‌లో అంతే, 1-0 నుంచి 1-2. డిసెంబర్ 15న మాంచెస్టర్ యునైటెడ్ మీద 88వ నిమిషం దాకా ముందున్నారు, మళ్లీ 1-2. ఫెయెనూర్డ్‌తో అయితే 75వ నిమిషానికి 3-0, చివరికి 3-3! అది ఇంకా మింగుడుపడటం లేదు.

సిటీకి బంతి దగ్గర పెట్టుకోవడమే డిఫెన్స్. ఆ పని మిడ్‌ఫీల్డర్ రోడ్రిది. సెంటర్ బ్యాక్‌ల ముందు నిలబడి, రెండు పాస్‌లతో ఆట వేగం తగ్గించేసేవాడు. 2024 సెప్టెంబర్ 22న అతని మోకాలి లిగమెంట్ పోయింది. అతని చోట ఆడిన కొవాచిచ్ మంచి ఆటగాడే, కానీ బంతితో ముందుకెళతాడు. ఆ బంతి పోయిందంటే వెనక ఖాళీ. డిఫెన్స్ లైనేమో సగం గీత దగ్గరే. కాళ్లు అలసి ప్రెస్ (బంతి ఉన్న ప్రత్యర్థి మీద ఒత్తిడి) కాస్త ఆలస్యమైతే ఒక్క లాంగ్ పాస్ చాలు.

2025 ఫిబ్రవరి 19న రియల్ మైదానం బెర్నాబ్యూలో రెండో లెగ్, అంటే ఇదే జట్ల మధ్య రెండో మ్యాచ్ జరిగింది. అందులో పోర్టో నుంచి తెచ్చిన మిడ్‌ఫీల్డర్ నికో గొంజాలెజ్‌ని మొదటి నిమిషం నుంచే దించాలని అప్పట్లో అనుకున్నా.