16.4 నుంచి 14.6 దాకా: నా వంద మీటర్లు

ఏపీ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో, అంటే పరుగు, జంప్ పరీక్షల్లో, జనరల్ కేటగిరీ అబ్బాయిలకి వంద మీటర్లు 15 సెకన్లు. 1600 మీటర్లకి 8 నిమిషాలు ఇస్తారు, అది నాకు ఏ రోజూ ఇబ్బంది కాలేదు. లాంగ్‌జంప్ 3.80 మీటర్లు మాత్రం అందట్లేదు, వంద మీటర్లు, లాంగ్‌జంప్ రెండిట్లో ఒకటి తప్పనిసరి కాబట్టి వంద మీటర్లే పట్టుకున్నా. మొదటిసారి స్టాప్‌వాచ్ పెడితే 16.4.

రెండు నెలలు పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తి, ఆ అలుపు మీదే వంద మీటర్లు పదిసార్లు కొట్టేవాడిని. 16.1 దగ్గర ఆగిపోయింది. చాలా టెన్షన్ పడ్డాను. అప్పుడు గ్రౌండ్‌కి వచ్చే ఒక సీనియర్ అన్న నన్ను తడి మట్టి మీద పరిగెత్తించి, "వెనక్కెళ్లి నీ అడుగులు చూడు తమ్ముడూ" అన్నాడు. ప్రతి అడుగులోనూ మడమ దగ్గర గుంట, వేళ్ల దగ్గర అసలు గుర్తే లేదు. పెద్ద అంగ వేస్తే దూరం కలిసొస్తుందనుకుని కాలు బాగా ముందుకు చాపుతున్నా, అది నేలకి తగిలిన ప్రతిసారీ బ్రేక్ వేసినట్టే. పాదం దాదాపు నడుము కిందే పడాలి, అదీ అరికాలి ముందు భాగం మీద, పడగానే నేలని వెనక్కి తోసెయ్యాలి.

ఇక మోకాళ్లెత్తి ఎగురుతూ ముందుకెళ్లే స్కిప్‌లు, తర్వాత 30 మీటర్లు ఆరుసార్లు, ప్రతిదానికీ మధ్య మూడు నిమిషాలు కూర్చోవడం. ఆ కూర్చోవడమే నాకు మింగుడుపడలేదు, బద్ధకంలా అనిపించేది, కానీ అలిసిపోయిన కాలికి స్పీడ్ అలవాటు కాదు, నెమ్మదే అలవాటవుతుంది. వారానికి మూడు రోజులే స్పీడ్. ఒకరోజు వార్మప్ సరిగ్గా చెయ్యకుండా దిగాను, తొడ వెనక పట్టేసి పది రోజులు పోయాయి.

చివరి ముప్పై మీటర్లలో నేను పళ్లు బిగించి, భుజాలు పైకి లాక్కునేవాడిని. 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తిన ఉసేన్ బోల్ట్ కూడా 80 మీటర్ల తర్వాత కొంచెం నెమ్మదించాడని అన్న చెప్పాక ఆ కంగారు తగ్గింది. దవడ వదిలెయ్యి, చేతులు ముందుకీ వెనక్కీ సూటిగా ఆడించు, గీత దాటాక కూడా ఐదు మీటర్లు పరిగెత్తు, ఇవి మూడే గుర్తుపెట్టుకున్నా.

ఈవెంట్స్ రోజు 14.6 వచ్చింది. బయటికొచ్చి ముందు అన్నకే ఫోన్ చేశాను, "మడమ పడిందా?" అన్నాడు. పడలేదన్నా అన్నాను.