మా ఆవిడ చేతికట్టు విప్పిన రోజు

నిన్న సాయంత్రం ఎముకల డాక్టరు గారు మా ఆవిడ కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసి, తన రెండు వేళ్లు ఇచ్చి గట్టిగా పట్టుకోమన్నారు. పట్టుకుంది. "ఇంక నా దగ్గరికి రానక్కర్లేదమ్మా. ఎముకల బలానికి ఇచ్చిన మాత్రలు మాత్రం మానొద్దు" అన్నారు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కాసేపు అలాగే కూర్చుండిపోయాను. డిసెంబరు మూడో వారంలో మొదలైన టెన్షన్ ఇన్నాళ్లకు దిగింది. మర్చిపోకముందే ఇదంతా రాసిపెడుతున్నాను. ఇందులో నేను ప్రేమకొద్దీ చేసిన ఒక పెద్ద తప్పుంది. మా వయసువాళ్లు ఇంకెవరూ అది చేయకూడదు.

మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 69, ఆవిడకి 64. పెళ్లయి 41 ఏళ్లు. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి బెంగళూరులో ఉంటారు. నాకు బీపీ, మోకాళ్ల నొప్పులు. ఆవిడకి థైరాయిడ్. ఇంటికి సంబంధించి నా వంతు అంటే బ్యాంకు, కరెంటు బిల్లు, కూరగాయలు తేవడం. మిగతాదంతా ఆవిడే చూసుకునేది. నేను రిటైరైన రోజున ఆవిడ పని ఒక్కటీ తగ్గలేదన్న ఆలోచన ఈ తొమ్మిదేళ్లలో నాకు రాలేదు.

ధనుర్మాసం. తెల్లవారుజామున కళ్లాపి చల్లి ముగ్గు వేయబోతూ తడి మెట్టు మీద జారింది. కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడింది. నేను లేచి వెళ్లేసరికి మణికట్టు గరిటె కాడలా వంకర తిరిగి ఉంది. ఆ కంగారులో చున్నీ ఒకటి మెడకు కట్టి చెయ్యి అందులో పెట్టి ఆటోలో తీసుకెళ్లాను గానీ, గాజులు తీయాలని తోచలేదు. ఆసుపత్రికి వెళ్లేసరికి వాపు వచ్చేసింది. వాళ్లమ్మ పెట్టిన రెండు బంగారు గాజులు కట్టరుతో కోసి తీయాల్సి వచ్చింది. చెయ్యి విరిగిన ఎవరికైనా వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. ఐదు నిమిషాల పని అది.

ఎక్స్‌రే తీశారు, మత్తిచ్చి ఎముక సరిచేశారు, మోచేతి కింది నుంచి వేళ్ల మొదళ్ల దాకా పిండికట్టు వేశారు. దీన్ని కోలీస్ ఫ్రాక్చర్ అంటారట. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లకు ఎముకలు పలచబడతాయి, చెయ్యి ఆనించి పడితే చాలాసార్లు విరిగేది ఈ మణికట్టు ఎముకే.

కట్టు వేసిన కుర్ర డాక్టరు నాతో అన్న మాటలు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తున్నాయి. "ఆరు వారాలు చెయ్యి కదపకూడదు అంకుల్. ఫుల్ రెస్ట్." అంతే. పక్క కౌంటరులో బిల్లు గురించి మాత్రం పావుగంట వివరించారు.

ఇంటికొచ్చాక నేను నడుం కట్టాను. ఇందులో కొంచెం గొప్ప చెప్పుకుంటాను, చెప్పుకునే హక్కు నాకుంది. 42 రోజుల్లో కర్రీ పాయింట్‌కు వెళ్లింది రెండే రెండు రోజులు. మొదటి వారం అన్నం, పప్పు, పెరుగు. రెండో వారానికి చారు, వేపుళ్లు. నాలుగో వారానికి గుత్తివంకాయ కూడా చేశాను, ఎదురింటి పిన్నిగారు గిన్నెలో పట్టుకెళ్లారు. చలికి పెరుగు తోడుకోక మూడు రోజులు అవస్థ పడ్డాను. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు వేసి గిన్నెకు తువ్వాలు చుట్టి పెట్టమని ఆవిడ చెప్పాక కుదిరింది. తల దువ్వి జడ వేయడం నేర్చుకున్నాను. పనిమనిషి రాని రోజు అంట్లు కూడా నేనే తోమాను. వీధిలో అందరూ "మీలాంటి మగవాళ్లు ఉండరండీ" అంటుంటే నాకు ఛాతీ పొంగేది. పిల్లలు ఫోన్ చేసి "అమ్మని రెస్ట్ తీసుకోమనండి నాన్నా" అనేవాళ్లు. నేను తీసుకోనిచ్చాను. మామూలు రెస్ట్ కాదు.

ఒకరోజు చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని "ఈనెలు తీస్తానండీ, ఊరికే కూర్చుంటే తోచట్లేదు" అంది. పళ్లెం లాక్కున్నాను. "నువ్వు కదలకు, నేనున్నాను కదా" అన్నాను. గ్లాసు కూడా నేనే ఎత్తి తాగించేవాణ్ని. వేళ్లు ఉబ్బి నున్నగా మెరుస్తుంటే విరిగిన చెయ్యి కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. సంక్రాంతికి అరిసెలు కొని తెచ్చి, కుర్చీ వరండాలో వేసి, ఆవిడని కూర్చోబెట్టి, ఎదురింటి పిన్నిగారి కోడలి చేత ముగ్గు వేయించాను. ఆవిడ ఆ ముగ్గు వైపు చూడనే లేదు. నొప్పి వల్ల అనుకున్నాను.

జనవరి నెలాఖరున కట్టు విప్పించడానికి వెళ్లాం. ఈసారి చూసింది పెద్ద డాక్టరు గారు. రంపం మిషనుతో కట్టు కోశారు. లోపల చెయ్యి సన్నబడి, పొలుసులు కట్టి, ఎండిన కొమ్మలా ఉంది. అది ఎవరికైనా ఉండేదేనట. ఎక్స్‌రే చూసి "ఎముక చక్కగా అతికింది" అన్నారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

"గుప్పిట మూయమ్మా" అన్నారు.

వేళ్లు సగానికి వచ్చి ఆగిపోయాయి. మళ్లీ ప్రయత్నించింది. నుదుటి మీద చెమట పట్టింది గానీ వేళ్లు అరచేతిని తాకలేదు. "బొటనవేలు చిటికెన వేలికి తాకించు." అందలేదు. "చెయ్యి పైకెత్తు." భుజం దాకా కూడా రాలేదు. ఆరు వారాలు మెడకు వేలాడదీసిన చెయ్యి, భుజం దగ్గర కూడా పట్టేసింది.

డాక్టరు గారు నావైపు తిరిగారు. "ఇన్నాళ్లూ ఈవిడ చేత ఏం చేయించారు?"

నేను చాలా గర్వంగా చెప్పాను. "ఏమీ చేయించలేదండీ. గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. ఇంటిపని మొత్తం నేనే చేశాను."

"అదే కొంప ముంచింది" అన్నారు. "విరిగింది మణికట్టు ఒక్కటే. దానికి మేము కట్టు కట్టాం. వేళ్లకీ, మోచేతికీ, భుజానికీ మీరు కట్టారు. కట్టు ఉన్నన్నాళ్లూ గంటకోసారి వేళ్లు మూసి తెరవాలి, రోజుకు నాలుగైదుసార్లు చెయ్యి నెత్తి మీదికి ఎత్తాలి. బరువులు మాత్రం ఎత్తకూడదు. చిన్న చిన్న పనులు చేసుకుంటే వేళ్లు వాటంతటవే బాగుండేవి. ఈ వయసులో ఆరు వారాలు బిగుసుకుపోయిన కీళ్లు వదలడం ఎంత కష్టమో తెలుసా?"

గది నిండా మనుషులున్నారు. బల్ల మీద వరసలో కూర్చున్న వాళ్లందరూ నన్నే చూస్తున్నారు. నాకు "ఫుల్ రెస్ట్" అని చెప్పిన కుర్ర డాక్టరు పక్కనే నిలబడి ఎక్స్‌రే వైపు చూస్తున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నేను అతన్ని చూపించి చెప్పి ఉండొచ్చు. గొంతులోంచి మాట రాలేదు. 36 ఏళ్ల ఉద్యోగంలో చీఫ్ ఇంజనీరు ముందు కూడా తల దించని వాణ్ని, అక్కడ నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు మా ఆవిడ అంది, "ఆయన్నేమీ అనకండి డాక్టరు గారూ. నా కోసం చాలా చేశారు." ఆ మాట నన్ను ఇంకా కుంగదీసింది.

ఇంటికొచ్చి ఆసుపత్రి కాగితాల ఫైలు మొత్తం వెతికాను. మందుల బిల్లుల మధ్య ఒక ఇంగ్లీషు కాగితం ఉంది. అందులో అడుగున, భూతద్దం పెడితే గానీ కనిపించని అక్షరాల్లో, వేళ్లు ఆడించాలని రాసి ఉంది. నాకు ఇంగ్లీషు వచ్చు, నేను చదవలేదు, అది నా తప్పు. కానీ ఆసుపత్రులవాళ్లను ఒక్కటడుగుతాను. గుంటూరులో వైద్యం చేస్తూ ఆ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చు వేయడానికి ఏమవుతుంది? కట్టు వేసినప్పుడు "ఇలా మూయండి, ఇలా తెరవండి" అని నోటితో చెప్పి చేయించడానికి ఒక నిమిషం పట్టదా? చదువుకున్న నా ఇంట్లోనే ఇలా జరిగితే, పల్లెటూళ్ల నుంచి వచ్చే కూలివాళ్ల చేతులు ఏమైపోవాలి?

ఆ రాత్రి ఆవిడ అంతవరకూ అనని మాట ఒకటి అంది. "నొప్పి నేను ఓర్చుకున్నానండీ. నా వంటింట్లో నన్ను చుట్టంలా కూర్చోబెట్టారు చూశారా, అదే ఓర్చుకోలేకపోయాను." నేను చేసిందంతా సేవ అనుకున్నాను. ఆవిడ చేతిలోంచి పని లాక్కుంటే ఆ చేతికీ మనిషికీ కూడా నష్టమేనని నాకు తెలియలేదు.

తర్వాత ఫిజియోథెరపీ. దగ్గర్లో ఒక సెంటరులో రోజుకు 400 చొప్పున 15 రోజుల ప్యాకేజీ అన్నారు. నాలుగు రోజులు వెళ్లాం. మిషను తగిలించి ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాళ్లు, పావుగంట కాగానే "రేపు రండి". మానేశాం. మిగతా డబ్బు తిరిగి ఇవ్వలేదు. ముందుగా మొత్తం కట్టకండి, రోజుకు రోజు కట్టండి. మిషను పెట్టే చోటుకి కాదు, తన చేత్తో మన చెయ్యి పట్టుకుని కదిపించే మనిషి దగ్గరికి వెళ్లండి. తర్వాత పెద్ద డాక్టరు గారు చెప్పిన ఫిజియో అమ్మాయి అలాంటిదే. వారానికి ఒకసారి చూసి, మిగతా ఆరు రోజులకు ఇంటిపనే మందుగా రాసిచ్చింది.

పొద్దున, సాయంత్రం గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు చెయ్యి ముంచి గుప్పిట మూయడం, తెరవడం. కందిపప్పు పళ్లెంలో పోసి బొటనవేలితో ఒక్కొక్క వేలూ కలుపుతూ ఏరడం. తడి స్పాంజి పిండడం. కొన్నాళ్లయ్యాక మెత్తటి చపాతీ పిండి. ముగ్గుపిండి చిటికెతో పట్టి గీత లాగడం. ఇది ఆవిడే అడిగింది, ఆ అమ్మాయి "భేషుగ్గా వేయండి" అంది. ఫిబ్రవరిలో వేసిన మొదటి గీత వానపాములా వంకర్లు పోయింది. మార్చి నాటికి నాలుగు చుక్కల ముగ్గు వచ్చింది. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది అరచెయ్యి పైకి తిప్పడం. గుళ్లో తీర్థం పట్టాలంటే చెయ్యి తిరిగేది కాదు, ఎడమచేత్తో పట్టబోయి ఆగిపోయేది. నేను నా దోసిట్లో తీసుకుని ఇచ్చేవాణ్ని. ఉగాది నాడు కుడిచేత్తోనే పట్టింది.

ఈలోగా నా వంతు వచ్చింది. గంటలు గంటలు వంటింట్లో నిలబడి మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. మెత్తటి చెప్పులు ఇంట్లో కూడా వేసుకోమని, సీసాలో నీళ్లు గడ్డకట్టించి దాని మీద పాదం దొర్లించమని చెప్పారు. కూరలు తరగడానికి స్టూలు వేసుకున్నాను. ఇన్నేళ్లూ ఆవిడ కాళ్లు లాగుతున్నాయి అంటే "కాసేపు పడుకో" అన్నానే గానీ ఒక స్టూలు కొనలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పనులు ఎవరి ఒంట్లో ఏ కీలు పనిచేస్తుందో చూసి పంచుకున్నాం. నా మోకాళ్లు వంగవు, కాబట్టి కింది అరలు, దేవుడి గది, ముగ్గు ఆవిడవి. ఆవిడ చెయ్యి ఇంకా బరువు మోయదు, కాబట్టి కుక్కరు, పాలగిన్నె, నీళ్ల బకెట్లు, బట్టలు పిండడం, పైఅరలు నావి. పోపు ఆవిడ వేస్తుంది, గిన్నె నేను దించుతాను. నొప్పి ఎక్కువైన రోజున ఎవరైనా "ఈ పూట నీది" అనేస్తే చాలు, కారణం అడగకూడదని ఒప్పందం.

మందుల పని కూడా నాకే వచ్చింది. ఎముకల సాంద్రత పరీక్ష చేయిస్తే టీ స్కోరు మైనస్ 2.9. మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. విరగకముందే చేయించాల్సిన పరీక్ష ఇది, 60 దాటిన ఆడవాళ్లు ఇంట్లో ఉంటే వాయిదా వేయకండి. ఆవిడ అంతకుముందు నుంచీ థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ పొద్దున్నే కలిపి వేసుకుంటోంది, మర్చిపోకుండా ఉండటానికట. ఆ రెండింటికీ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. ఎన్నేళ్లు అలా వేసుకుందో! ఇప్పుడు థైరాయిడ్ ఐదున్నరకు పరగడుపున, కాఫీ ఆరుంపావుకి, కాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత. ఆదివారం ఎముకల మాత్ర నిండు గ్లాసు నీళ్లతో, ఆ తర్వాత అరగంట పడుకోకూడదు. ఆ రోజు థైరాయిడ్ మాత్ర ఎప్పుడు వేయాలో డాక్టరు గారిని అడిగి రాసుకున్నాను. క్యాలెండరు పక్కన కాగితం అంటించాను, పెద్ద అక్షరాల్లో, తెలుగులో. వారానికి రెండు రోజులు రాగి జావ, మునగాకు పప్పు, నువ్వుల పొడి నా శాఖే.

ఈ రోజు ఆవకాయ పెట్టాం. 20 కాయలే, ఏటా పెట్టేదాంట్లో సగం. ముక్కలు బజారులోనే కొట్టించాను. టెంక లోపలి జీడి తీసి, ఒక్కో ముక్కా తుడిచింది నేను. ఆవపిండి, కారం, ఉప్పు కొలిచింది ఆవిడ. కలిపేటప్పుడు అలవాటుగా బేసిను నా వైపు లాక్కున్నాను. "ఇటివ్వండి" అంది. ఇచ్చేశాను. నువ్వుల నూనె నేను పోస్తుంటే మోచేతి దాకా ఎర్రగా చేసుకుని కుడిచేత్తో అడుగు నుంచి కలిపింది. మధ్యలో రెండుసార్లు ఆగి చెయ్యి విదిలించుకుంది. నేనేమీ అనలేదు. జాడీకెత్తాక వాసెన గుడ్డ బిగించి కట్టడానికి బలం చాలలేదు. గుడ్డ ఆవిడ పట్టుకుంది, తాడు నేను బిగించాను. మూడో రోజు తిరగకలపాలి, అదీ తనే చేస్తానంది.